గింజ ఇక్కడ, ధర అక్కడ: ఘనా ప్రయాణం

మా ఏలూరు జిల్లాలో కొబ్బరి తోటల్లోనూ పామాయిల్ తోటల్లోనూ అంతర పంటగా కోకో వేస్తాం. 2024లో కిలో గింజలు వెయ్యి రూపాయల దాకా పలికాయి. 2025 వేసవి వచ్చేసరికి అందులో సగం రావడమే గగనమైంది. రైతులు రోడ్డెక్కారు, ధర్నాలు చేశారు, చివరికి ప్రభుత్వం కల్పించుకోవాల్సి వచ్చింది. ఎవరిని అడిగినా అంతర్జాతీయ ధర పడిపోయిందనే అన్నారు. ఆ ధర ఎక్కడ పుడుతుంది, ప్రపంచానికి కోకో పెట్టే దేశాల మాటైనా అక్కడ చెల్లుతుందా అన్నది నన్ను వదల్లేదు. ప్రపంచపు కోకోలో సగానికి పైగా ఐవరీకోస్ట్, ఘనా దేశాలదే. మా పిన్ని కొడుకు ఘనాలో, టెమా రేవు దగ్గర ఒక ఉక్కు కంపెనీలో పనిచేస్తున్నాడు. "డిసెంబరులో రా అన్నయ్యా, కోతలు నడుస్తుంటాయి, నేనూ సెలవు పెడతాను" అన్నాడు.

సోమవారం, అక్రా

ఘనా రాజధాని ఇది. సహారా నుంచి వచ్చే హర్మటాన్ గాలి మొదలైంది. ఆకాశం బూడిద రంగులో ఉంది, పెదాలు పగిలిపోతున్నాయి. పొద్దున్నే వాచే తిన్నాం. అలసందలూ బియ్యమూ కలిపి వండి, పైన కారంగా ఉండే షిటో పచ్చడి వేసిచ్చారు. మనవాళ్ళు లొట్టలేసుకుంటూ తింటారు. అక్కణ్ణుంచి నేరుగా కాంటమాంటో బజారుకి వెళ్ళాం.

యూరప్, అమెరికా జనం వాడి వదిలేసిన బట్టలు అమ్మే బజారు ఇది. 2025 జనవరి మొదట్లో చాలా భాగం కాలిపోతే మళ్ళీ చెక్కలూ రేకులూ తెచ్చి కట్టుకున్నారు. ఇద్దరు పక్కపక్కన నడవలేని సందుల్లో తల మీద బేళ్ళు పెట్టుకుని ఆడపిల్లలు పరుగులాంటి నడకతో వస్తుంటారు. వీళ్ళని కయాయేయి అంటారు. ఎక్కువమంది వానలు తక్కువ పడే ఉత్తర జిల్లాల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళు. ఒక్కో బేలు 55 కిలోల దాకా ఉంటుంది. మోసే పిల్ల బరువు అంత ఉండదు.

ఒక దుకాణంలో బేలు విప్పుతుంటే అడిగి పక్కన నిలబడ్డాం. లోపల ఏముందో చూడకుండానే డబ్బు కట్టేయాలి. పైన 'పురుషుల చొక్కాలు, యూకే' అని మాత్రం రాసి ఉంది. ఆవిడ ప్లాస్టిక్ పట్టీలు కోసింది. పైన ఉన్న రెండు మూడు చొక్కాలు బాగున్నాయి, ఆవిడ ముఖం వికసించింది. ఆ కింద కాలర్లు పసుపు కట్టినవి, బొత్తాలు ఊడినవి, అక్కడెక్కడో ఛారిటీ పరుగు కోసం అచ్చు వేయించిన టీషర్టులు వచ్చాయి. ఒక చొక్కా జేబులో వాడేసిన టిష్యూ పేపరు ఉంది. ఆవిడ అది తీసి పక్కన పడేసి, మాట్లాడకుండా మూడు కుప్పలు పోసింది. అమ్ముడుపోయేవి, బేరం చేస్తే పోయేవి, పోనివి. మూడో కుప్పే పెద్దది. అప్పు తెచ్చి కొన్నానని, వడ్డీ వారం వారం కట్టాలని చెప్పింది.

ఈ బజారుకి వారానికి కోటిన్నర బట్టలు వస్తాయని, అందులో 40 శాతం చెత్తకే పోతాయని అక్కడ చాలాకాలంగా పనిచేస్తున్న ఒక సంస్థ అంచనా. దిగుమతిదారుల సంఘం ఈ లెక్క ఒప్పుకోదు, 5 శాతమే అంటుంది. సాయంత్రం జేమ్స్‌టౌన్ ఒడ్డుకి వెళ్ళి చూశాం. ఇసుకలో సగం పూడుకుపోయిన ప్యాంట్లు, చొక్కాలు చేంతాళ్ళలా మెలితిరిగి ఉన్నాయి. జాలరులు వల లాగితే చేపల కంటే ముందు అవే వస్తున్నాయి. ఫ్రాన్సులో బట్ట అమ్మిన కంపెనీ దాని చెత్త ఖర్చు కోసం రుసుము కట్టాలి. ఆ చట్టం 2007 నుంచే ఉంది. బట్ట మాత్రం ఇక్కడికి వస్తుంది, రుసుము అక్కడే ఉండిపోతుంది.

వద్దనొచ్చు కదా అని నేనంటే మా తమ్ముడు రువాండా సంగతి గుర్తుచేశాడు. 2016లో తూర్పు ఆఫ్రికా దేశాలు పాత బట్టలు ఆపేసి సొంత మిల్లులు నిలబెట్టుకుందామనుకున్నాయి. సుంకం లేకుండా మా దేశానికి పంపే సౌకర్యం తీసేస్తామని అమెరికా బెదిరించింది. మిగతా దేశాలు వెనక్కి తగ్గాయి. రువాండా తగ్గలేదు. 2018లో దాని బట్టల ఎగుమతులకి ఆ సౌకర్యం పోయింది.

మంగళవారం, అకొసాంబో

అక్రా నుంచి సుమారు వంద కిలోమీటర్లు. వోల్టా నది మీద ఆనకట్ట 1961లో మొదలై 1965కల్లా అయిపోయింది. 1966 జనవరిలో ప్రారంభించిన దేశ తొలి అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమాని ఫిబ్రవరిలో సైన్యం దించేసింది. వెనక నిలిచిన వోల్టా సరస్సు దాదాపు 8,500 చదరపు కిలోమీటర్లు. సుమారు 80 వేల మంది, 700 పైగా ఊళ్ళు లేచిపోయాయి. పోలవరం ముంపు మండలాలకి దగ్గర్లో పెరిగినవాణ్ణి, ఈ అంకెలు నాకు మనుషుల్లాగే కనబడతాయి.

కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం తన బాక్సైటుతో తనే అల్యూమినియం చేసుకోవాలని ఎన్‌క్రుమా కల. అప్పు పుట్టాలంటే కరెంటు కొనేవాడు ముందే ఉండాలన్నారు. కొనడానికి వచ్చినవి కైజర్, రెనాల్డ్స్ అనే రెండు అమెరికన్ కంపెనీలు. అవి టెమాలో స్మెల్టర్, అంటే అల్యూమినియం తీసే కర్మాగారం, పెట్టాయి. ఒప్పందం మాత్రం వాళ్ళు రాసుకున్నట్టే కుదిరింది. కరెంటు యూనిట్‌కి సెంటులో దాదాపు నాలుగో వంతు, అదీ 30 ఏళ్ళకి. ఘనా బాక్సైటు ముట్టుకోవాల్సిన పని లేదు. బాక్సైటు నుంచి తీసే అల్యూమినా పొడి ఓడల్లో విదేశాల నుంచే వచ్చేది, అల్యూమినియం ఓడల్లోనే వెళ్ళిపోయేది. దేశం అమ్మింది నీళ్ళ శక్తి ఒక్కటే, అదీ కారుచౌకగా. 1985లో గట్టిగా బేరమాడాక గానీ ధర చెప్పుకోదగ్గట్టు పెరగలేదు.

ముంపు కుటుంబాలకి కట్టిన ఊళ్ళు 52. వాటిలో ఒకదాంట్లో ఆగాం. చిన్నప్పుడు పడవలో తీసుకొచ్చి ఇక్కడ దింపారని ఒక పెద్దాయన చెప్పారు. ఇచ్చిన ఇంటికి ఒక గదే పూర్తయి ఉందట, మిగతావి మీరే కట్టుకోండన్నారట. నది ఒడ్డున మూడు కార్లు పండించుకున్న మనిషికి రాళ్ళ నేల ఇచ్చారు. తీగలు ఊరి పక్క నుంచే పోతున్నా కరెంటు రావడానికి ఎన్నో ఏళ్ళు పట్టిందని చెప్పి, "మేం చీకట్లో కూర్చుని స్మెల్టర్‌కి దీపం పెట్టాం" అన్నారాయన. నీళ్ళలోని పురుగుల వల్ల సోకే బిల్హార్జియా జబ్బు కూడా నిలవ నీళ్ళతో పెరిగింది. 2023 అక్టోబరులో ఆనకట్ట నిండి నీళ్ళు వదిలితే దిగువన మెపె లాంటి ఊళ్ళు మునిగి వేలమంది మళ్ళీ సామాన్లు సర్దుకున్నారు.

బుధవారం, దారిలో

రోజంతా కుమాసీ రోడ్డు మీదే గడిచింది. లారీలు, గుంతలు, దారి పొడవునా అరటికాయలూ ఉడికించిన గుడ్లూ తలమీద పెట్టుకుని అమ్మేవాళ్ళు. పెట్రోలు బంకు దగ్గర డ్రైవరు ధరలు చూపించి 2022 గురించి చెప్పాడు. ఆ ఏడు ఘనా కరెన్సీ సెడీ విలువ కుప్పకూలింది, డిసెంబరులో ఘనా విదేశీ అప్పు కట్టలేనని చేతులెత్తేసింది. 2023 మేలో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) 300 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక ఐఎంఎఫ్ గడప తొక్కడం అది 17వ సారి.

తప్పంతా బయటివాళ్ళదే అని నేను అనను, ఆ డ్రైవరూ అనలేదు. తన నాయకుల్ని పేరుపేరునా తిట్టాడు. కానీ కోకో, బంగారం, చమురు అమ్ముకుని బతికే దేశానికి ఆ మూడింటి ధరా తన చేతిలో లేదు, తీసుకున్న అప్పేమో డాలర్లలో. ఎంత నిజాయితీపరుడు కుర్చీలో ఉన్నా ఆ లెక్క అతని చెయ్యి వెనక్కి విరిచి పట్టుకుంటుంది.

గురువారం, కోకో పల్లె

కుమాసీకి దక్షిణాన, ఒబువాసీ వైపు ఒక పల్లె. ఈ రోజు కోసమే వచ్చాను.

తోటలోకి అడుగుపెట్టగానే ముక్కుకి తగిలింది మా తోట వాసనే. పులిసిన గుజ్జు, తడి ఆకులు. పొడుగు కర్రకి కత్తి కట్టి కాయలు దించుతున్నారు. కింద ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని కాయ పగలగొట్టి, తెల్లని గుజ్జుతో ఉన్న గింజల్ని వేళ్ళతో ఒక్క లాగుడు లాగి బుట్టలో వేస్తున్నారు. నేనూ కూర్చున్నాను. చెయ్యి తిరగడం చూసి ఒకావిడ పక్కవాళ్ళని పిలిచి చూపించింది. అరటాకులు పరిచి గింజలు కుప్ప పోసి, మళ్ళీ ఆకులు కప్పి ఐదారు రోజులు పులియబెడతారు. తర్వాత వెదురు తడికల మీద ఎండబెట్టి, రోజుకి ఎన్నోసార్లు చేత్తో తిరగేస్తూ పిందెలూ పొట్టూ ఏరేస్తారు. మా ఇంట్లో పెట్టెల్లో పులియబెడతాం, అంతే తేడా.

ఎండిన గింజలు 64 కిలోల గోనె సంచిలోకి వెళ్తాయి. కొనే గుమస్తా కాటా తెస్తాడు. కాటా మీద ఎవరికీ నమ్మకం లేదు. "సంచికి రెండు మూడు కిలోలు అతని కాటాలోనే పోతాయి" అని ఆ తోట రైతు చెప్పారు. అరవై దాటిన మనిషి, ఐదెకరాలు. ధర 1947 నుంచీ ఉన్న కోకో బోర్డు ద్వారా ప్రభుత్వం సీజన్ ముందే ప్రకటిస్తుంది. బోర్డు చాలా పంటని ఏడాది ముందే లండన్, న్యూయార్క్ ఎక్స్చేంజీల ధరకి అమ్మేసి, ఆ కాగితాలు చూపించి 2023-24 సీజన్ దాకా అప్పు తెచ్చేది. 2024 డిసెంబరులో టన్ను 12 వేల డాలర్లు దాటినప్పుడు ఈయనకి అందింది అందులో చిన్న ముక్క. సరుకు అంతకుముందే తక్కువకి అమ్ముడైపోయి ఉంది. పైగా వర్షాలు సరిగ్గా పడక, స్వోలెన్ షూట్ తెగులు వచ్చి 2023-24 పంట చాలా పడిపోయింది. ధర పెరిగింది పంట లేకనే. పంట కోలుకునేసరికి ధర సగానికంటే కిందికి దిగింది. "పెరిగినప్పుడు మా దగ్గర గింజ లేదు. గింజ ఉన్నప్పుడు ధర లేదు" అన్నారాయన. ఇదే మాట నేను మా ఊళ్ళో, మా నాన్న నోట విన్నాను.

దుకాణంలో అమ్ముడయ్యే చాక్లెట్ ధరలో కోకో రైతుకి చేరేది 6 శాతం చుట్టూ ఉంటుందని ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు. మిగతా సొమ్ము గింజని పొడి చేసేవాళ్ళకి, చాక్లెట్ కంపెనీలకి, సూపర్ మార్కెట్లకి. ఒక్క కోకో చెట్టు లేని నెదర్లాండ్స్ కోకో గ్రైండింగ్‌లో ప్రపంచంలోనే పెద్ద దేశాల్లో ఒకటి. 2019లో ఘనా, ఐవరీకోస్ట్ కలిసి టన్నుకి 400 డాలర్లు అదనంగా ఇవ్వాల్సిందేనని షరతు పెట్టాయి, రైతు బతకడానికి. కొనేవాళ్ళు దానికి సరేనన్నారు, నాణ్యత కోసం వేరుగా ఇచ్చే ప్రీమియంలో కోత పెట్టారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం అంటే ఇదే.

పిల్లల పని సంగతి నేనే అడిగాను. 2001లో పెద్ద చాక్లెట్ కంపెనీలు దీన్ని అంతం చేస్తామని అమెరికాలో సంతకాలు పెట్టాయి. షికాగో విశ్వవిద్యాలయం సర్వే 2020లో వచ్చింది, ఈ రెండు దేశాల కోకో తోటల్లో పనిచేస్తున్న పిల్లలు 15.6 లక్షలు. ఆయన తన మనవణ్ణి చూపించారు. బడికి వెళ్తాడు, సెలవు రోజు బుట్ట మోస్తాడు. "కూలీకి ఇచ్చేంత ధర మాకిస్తే వీడు బుట్ట ఎందుకు మోస్తాడు?" అన్నారు. తనిఖీకి వచ్చేవాళ్ళు ఫోటోలు తీసుకుని, రైతుల చేత సంతకాలు పెట్టించుకుని వెళ్తారట. ధర గురించి అడిగితే అది తమ విభాగం కాదంటారట.

పక్క తోట లేదు. చెట్లు కొట్టేసి బంగారం కోసం తవ్వేశారు, గుంతల్లో ఎర్రనీళ్ళు నిలిచి ఉన్నాయి. ఈ దొంగ తవ్వకాన్ని ఇక్కడ గాలంసే అంటారు. మట్టిలోంచి బంగారం తీయడానికి పాదరసం వాడతారు. 2024 ఆగస్టులో కేప్ కోస్ట్‌కి నీళ్ళిచ్చే ప్లాంటు దగ్గర ప్రా నది నీళ్ళ బురద కొలత 14,000 ఎన్‌టీయూ వచ్చింది. ఆ ప్లాంటు కట్టింది 2,000 వరకు శుద్ధి చేయడానికే. పొలం అమ్ముకున్న రైతుని తప్పుపట్టలేకపోయాను, కోకోలో పదేళ్ళకి వచ్చే డబ్బు అతనికి ఒక్కసారి చేతికొచ్చింది. ఘనా నుంచి మన దేశం కొనే సరుకుల్లో మొదటిది బంగారమే. అక్షయ తృతీయకి కిటకిటలాడే మన దుకాణాల్లో ఈ బంగారం ఏ నది పక్కన తవ్విందని అడిగేవాళ్ళు నాకు ఎప్పుడూ కనబడలేదు. ధనిక దేశాల గురించి రాస్తూ ఈ ముక్క దాచడం నాకు న్యాయంగా అనిపించదు.

శుక్రవారం, కుమాసీ

మాన్హియా ప్యాలెస్ మ్యూజియం. 1874లో జనరల్ వుల్స్లీ బ్రిటిష్ సైన్యంతో వచ్చి కుమాసీని తగలబెట్టాడు. రాజభవనంలోని బంగారు వస్తువులు లండన్ చేరాయి. అది చాలక, యుద్ధం ఖర్చు కింద కుమాసీ రాజధానిగా ఉన్న అసాంటే రాజ్యమే 50 వేల ఔన్సుల బంగారం కట్టాలని ఫొమెనా సంధిలో రాయించుకున్నారు. టన్నున్నర పైమాట. ఇల్లు కాల్చినవాడే దారి ఖర్చులు అడిగాడు.

150 ఏళ్ళ తర్వాత, 2024లో, బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కలిసి 32 వస్తువులు ఇక్కడికి పంపాయి. అరువుగా. మూడేళ్ళకి. శాశ్వతంగా ఇవ్వడానికి తమ చట్టం ఒప్పుకోదట. అదే ఏడాది ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లోని ఫౌలర్ మ్యూజియం తన దగ్గరున్న ఏడు వస్తువుల్ని ఏ షరతూ లేకుండా తిరిగిచ్చేసింది. ఇవ్వాలనుకున్నవాళ్ళకి దారి దొరికింది. రాజు ఆత్మని శుద్ధి చేసే సేవకులు మెడలో వేసుకునే గుండ్రని బంగారు బిళ్ళ ముందు ఒక తాతగారు స్కూలు పిల్లలకి వివరిస్తున్నారు. ఒక పిల్ల, ఇది మనదేనా, మళ్ళీ ఇచ్చేయాలా అని అడిగింది. ఆయన అవునని రెండు ప్రశ్నలకీ కలిపి తలూపారు.

శనివారం, ఎల్మినా

కేప్ కోస్ట్ దాటగానే సముద్రం మీదికి తెల్లటి కోట. పోర్చుగీసువాళ్ళు 1482లో కట్టారు, బంగారం కోసం. డచ్చివాళ్ళు 1637లో లాక్కున్నారు, 1872 దాకా ఉంచుకున్నారు. కింద, బానిసలుగా ఓడలెక్కించడానికి తెచ్చిన ఆడవాళ్ళని కుక్కిన గదిలో ఇప్పటికీ ముక్కు పట్టుకోవాల్సిన వాసన ఉంది. మా గైడు ఆ గదిలో లైటు ఆర్పేశాడు. గోడకి ఎత్తుగా చిన్న కన్నం, అందులోంచి అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. అదే కోటలో పై అంతస్తుల్లో గవర్నరు నివాసం, ప్రార్థన గది. ఓడలోకి ఎక్కించే గుమ్మం ఒక మనిషి పక్కకి తిరిగితేనే పట్టేంత సన్నం.

మొత్తం ఆఫ్రికా తీరాల నుంచి అట్లాంటిక్ మీదికి ఎక్కించిన మనుషులు కోటీ 25 లక్షల మంది. బానిసత్వం రద్దు చేసినప్పుడు బ్రిటన్ రెండు కోట్ల పౌండ్లు పరిహారం ఇచ్చింది, బానిసల యజమానులకి. అందుకు చేసిన అప్పు తీరింది 2015లో. యజమానులకి డచ్చి ప్రభుత్వమూ ఇచ్చింది. అంటే పరిహారం ఎలా లెక్కకట్టాలో, తరాల మీదుగా ఎలా చెల్లించాలో ఈ దేశాలకి బాగా తెలుసు. ఎవరికివ్వాలన్న దగ్గరే పేచీ. డచ్చి ప్రధాని 2022లో, రాజు 2023లో క్షమాపణ చెప్పారు. అది మంచి మాటే. 1970లో ఐక్యరాజ్యసమితిలో ధనిక దేశాలు తమ ఆదాయంలో 0.7 శాతం పేద దేశాలకిస్తామన్నదీ మంచి మాటే, దాన్ని నిలబెట్టుకున్నవి ఏ ఏటికాయేడు చూసినా వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఆదివారం, అక్రా దగ్గర

తిరిగి వచ్చేశాం. బజారులో కోడి కాళ్ళ అట్టపెట్టెలు, యూరప్‌వి, బ్రెజిల్‌వి, అమెరికావి. అక్కడివాళ్ళు రొమ్ము మాంసం తిని, మిగిలిన ముక్కలు చౌకగా ఇక్కడికి తోస్తారు. మా తమ్ముడికి తెలిసిన ఒక కోళ్ళ రైతు ఉన్నారు. ఊరి చివర నాలుగు షెడ్లు, మూడు ఖాళీ. మాంసం కోళ్ళు మానేసి గుడ్ల కోళ్ళు మాత్రం పెంచుతున్నారు. ఖాళీ షెడ్డులో నీళ్ళ తొట్లు బోర్లించి వరసగా పేర్చి ఉన్నాయి, ఎప్పుడైనా పనికొస్తాయని.

మీ దగ్గర కోళ్ళ రైతులు ఎలా నిలబడ్డారని ఆయన అడిగారు. తణుకు చుట్టుపక్కల ఫారాల గురించి, రోజూ వేరే రాష్ట్రాలకి పోయే గుడ్ల లారీల గురించి చెప్పాను. బయటి నుంచి వచ్చే కోడి కాళ్ళ మీద మా ప్రభుత్వం 100 శాతం సుంకం వేస్తుందని కూడా చెప్పాను.

ఆయన నవ్వలేదు. "మా పార్లమెంటు కూడా వేసింది. 2003లో, 20 నుంచి 40 శాతానికి పెంచుతూ చట్టం చేసింది. మేం ఆ రోజు కోళ్ళు కోసి పండగ చేసుకున్నాం. కొన్ని వారాలకే ఆపేశారు. ఐఎంఎఫ్ వద్దందన్నారు."

కాసేపాగి నన్నే అడిగారు.

"నూటికి నూరా? మరి మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదా?"